లోపలి వైపు గడియ

యాదమ్మ రిటైరై చాలా ఏళ్లయింది. అయినా పొద్దున్నే ఫోన్ చేసి వార్డులో డ్యూటీ వేసినట్టు మాట్లాడే అలవాటు పోలేదు. "సుగుణా, మంగళారం ఖాళీ వెట్టుకో. గా ప్యాలెస్ జూడనీకి పోతున్నం. టికెట్లు నేనే తీస్త. పారాయణముంది, ఏకాదశుంది అని కథలు చెప్పకు. నీ దేవునికి నేను జవాబు చెప్పుకుంట" అంది. ఆ మంగళవారం ఏకాదశి కాదు. పారాయణం కూడా వచ్చే వారం దాకా లేదు. సాకు దొరక్క సరేనన్నాను.

పాతబస్తీలో నవాబుల కాలం నాటి ఆ మహలు ఇప్పుడు మ్యూజియం. మేమిద్దరం దాన్ని చూడాలనుకున్నది మా పద్దెనిమిదో ఏట. అప్పుడది మాకు తాళం వేసిన పెద్ద దర్వాజా మాత్రమే. నర్సు ట్రైనింగ్‌కి ఇద్దరం కలిసి అర్జీలు పెట్టాం. ఇద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూకి రమ్మని కార్డులు వచ్చాయి. ఇంటర్వ్యూ జరిగే చోటు మహలుకు దగ్గరే. అది కాగానే గేటు సందులోంచైనా లోపల ఏముందో చూసి రావాలనుకున్నాం. ఆ రోజు యాదమ్మ ఒక్కతే వెళ్లింది. ఇంటర్వ్యూలో నెగ్గింది, గేటు సందులోంచి తొంగి కూడా చూసింది. "నీళ్లు లేని ఫౌంటెన్ ఒక్కటి కనవడ్డది. నువ్వుంటే ఆ చౌకీదారుకు ఏదన్న దేవుని కథ చెప్పి లోపలికి పోయేటోళ్లం" అంది సాయంత్రం వచ్చి. ఆమె సర్కారు దవాఖానలో నర్సు అయింది. నేను పారాయణం చదివే సుగుణమ్మను అయ్యాను.

నేను ఎందుకు రాలేదో యాదమ్మకు ఆ రోజే ఒక కారణం చెప్పాను. మా నాయనమ్మ వెళ్లనివ్వలేదని. అది అబద్ధం. నాయనమ్మ బతికున్నన్నాళ్లూ ఆ అబద్ధాన్ని మోసింది, పోయాక కూడా ఆమే మోస్తోంది. మిగిలిన మా జీవితాల్లో జరిగినవాటికి లెక్కలేనన్ని కారణాలుంటాయి, వాటి జోలికి పోను. ఈ ఒక్కటి మాత్రం నాది. సోమవారం సాయంత్రం దీపం పెట్టి, రేపు ఆ మహల్లో యాదమ్మకు నిజం చెప్తానని స్వామికి మాటిచ్చాను. ఇచ్చాక నిద్ర పట్టలేదన్నది వేరే సంగతి.

మా నాన్నకు కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం రావడంతో తెనాలి పక్క పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి కిరాయి ఇంట్లో దిగాం. అప్పట్లో ఇళ్ల వరసలకు వెనకాల ఇంకా ద్రాక్షతోటలుండేవి. కాయ పండే రోజుల్లో మధ్యాహ్నం గాలికి తీపి వాసన వచ్చేది. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టిన రోజున అదే గాలి నాలుక మీద చేదుగా తగిలేది. ఇంటి ముందు భాగంలో మేము, వెనక రెండు గదుల్లో యాదమ్మ వాళ్లు. వాళ్లది నల్గొండ వైపు ఊరు, వాళ్ల నాన్న తాపీ మేస్త్రీ. మధ్యలో వాకిలి, వాకిట్లో ఒకే ఒక్క నల్లా. ఆ నల్లా దగ్గరే నాకు ఈ ఊరి భాష వచ్చింది. మా నాయనమ్మకు మాత్రం చివరి వరకూ రాలేదు. "ఏందవ్వా, నీళ్లొచ్చినయా?" అని యాదమ్మ అడిగితే, "అవ్వ ఎవరే, నేను మామ్మని" అని సరిదిద్దేది. "సరే మామ్మవ్వా" అనేది యాదమ్మ. పడీ పడీ నవ్వేవాళ్లం.

నాయనమ్మకు చదువు రాదు. చెవులతోనే నేర్చిన మనిషి. ఏ అధ్యాయంలో ఏ కథ వస్తుందో, చదివేవాళ్లు ఏ మాట మింగేశారో ఆమెకు కళ్లు మూసుకుని తెలిసేది. నాలుగింటికే లేచి చన్నీళ్ల స్నానం చేసి తడిచీర దండెం మీద కర్రతో ఆరేసేది. ఆ చీర నుంచి కారిన చుక్కల చప్పుడుతో నాకు తెలివి వచ్చేది. తర్వాత కుంపటి పొగ, దాని వెనకే కర్పూరం, ఆ పైన వడపప్పు నానిన వాసన. ఇంత నిష్ఠ గల మనిషికీ ఒక రహస్యం ఉంది. దేవుడి పటం వెనక ముక్కుపొడుం డబ్బీ. అది అయిపోతే కూడలి దుకాణం నుంచి తెచ్చిపెట్టేది యాదమ్మే. మా నాన్నకు తెలియదు, నాకు తెలియనట్టు నటించేదాన్ని. మడి కట్టుకున్న నాయనమ్మ చేతికి తగలకుండా యాదమ్మ ఆ పొట్లాన్ని గడప మీద పెట్టేది, నాయనమ్మ అటూ ఇటూ చూసి కొంగు చాటున తీసుకునేది. వాళ్లిద్దరి మధ్యా అలాంటి దోస్తీ ఉండేది. ఇది చెప్పకపోతే తర్వాత జరిగినదాని బరువు మీకు తెలియదు.

మా ముందుగదిలో ఏడాదికి రెండుసార్లు సప్తాహం జరిగేది. ఏడు రోజుల్లో పురాణం మొత్తం చదివి ముగించాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ ఆడవాళ్లు ఒక పాతిక మంది వచ్చి కూర్చునేవారు. పన్నెండో ఏట నుంచీ చదివేది నేనే. దానికి నాయనమ్మ తెచ్చిన ఆచారం ఒకటుంది. మొదటి రోజు సంకల్పం చెప్పుకోగానే వీధి గడప పొడుగునా బియ్యప్పిండితో ఒక గీత గీసేది. దీక్షలో ఉన్నవాళ్లు, అంటే చదివే నేనూ, చేయించే ఆమే, ఏడో రోజు హారతి దాకా ఆ గీత దాటి వీధిలోకి వెళ్లకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు గీత లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చుని వినాలి. యాదమ్మ చోటు ఎప్పుడూ ఆ మెట్లే. ఆలస్యంగా వచ్చినందుకు కాదు. లోపలికి రమ్మని మేమెవరమూ అనలేదు, రావచ్చునని ఆమెకు తోచలేదు. అప్పటి మా ఇళ్లల్లో అది అడగనవసరం లేని విషయంగా ఉండేది. అందుకు నేనిప్పుడు సిగ్గుపడుతున్నాను.

పిండి గీత ఎంతసేపుంటుంది? చీమలు తినేవి, పిచ్చుకలు గీకేవి, గాలికి సగం పోయేది. కాబట్టి రోజూ తెల్లవారుజామున స్నానం చేసి దాన్ని మళ్లీ గీయాలి. ఆ పని నాది. చిన్నప్పుడు అది నాకు గొప్పగా ఉండేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారుతుంటే, గడప ఈ చివర నుంచి ఆ చివరకు చెయ్యి వణకకుండా లాగేదాన్ని. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను ఎన్నోచోట్ల సప్తాహాలు చదివాను. పారాయణ విధులు చెప్పే అధ్యాయాలు నాకు కంఠస్థం. ఒంటిపూట తినాలని, నేల మీద పడుకోవాలని, కోపం తెచ్చుకోకూడదని, సత్యమే పలకాలని ఉంది. గీత గురించి ఎక్కడా లేదు.

నాన్న పెద్ద జబ్బు నుంచి లేచినందుకు మొక్కిన సప్తాహం అది. ముహూర్తం పెట్టిన తర్వాత ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. తేదీ చూస్తే సరిగ్గా అయిదో రోజు. మొదటి రోజు సంకల్పం చెబుతున్నప్పుడే నాకు తెలుసు. యాదమ్మ అడిగితే "స్వామి చూసుకుంటాడు" అన్నాను. మనం చూసుకోవలసినదాన్ని ఆయన మీదికి తోసేటప్పుడు ఆ మాట ఎంత భక్తిగా వినిపిస్తుందో! మూడో రోజున కథ బాగా రక్తి కట్టింది. మా అమ్మమ్మ వయసు ఆవిడ ఒకామె ముందుకు వచ్చి నా కాళ్లు తాకింది. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు. నాలుగో రోజు సాయంత్రం యాదమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "రేపు ఎనిమిదింటికి తయారుండు. ముసలమ్మకు చెప్పినవా లేదా? నేను చెప్పాల్నా?" అంది. "నేనే అడుగుతాలే" అన్నాను. కిటికీ కిందే నాయనమ్మ చాప. ఆమె కళ్లు మూసుకుని ఉంది. నేను అడగలేదు.

మంగళవారం నేను ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్‌లో యాదమ్మ ఎక్కి, ఒక కాలేజీ పిల్లను మాటలతోనే లేపి నా పక్కన కూర్చుంది. కిందికి చూస్తే ఒకప్పటి తోటల మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. మహలు లోపలికి వెళ్లగానే పచ్చిక, పొడుగాటి నీళ్ల తొట్టి, మధ్యలో ఫౌంటెన్ ఎగజిమ్ముతోంది. యాదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసింది.

"ఇప్పుడు దీంట్ల నీళ్లొచ్చినయ్. మన మోకాళ్లల్ల నీళ్లు వోయినయ్" అంది.

దర్బారు హాల్లో షాండిలియర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. జనమంతా తలలెత్తి ఫొటోలు తీసుకుంటుంటే యాదమ్మ మాత్రం "వీటిని నిచ్చెనలెక్కి తుడిచినోళ్ల నడుములు ఏమైనయో" అంది. నేను ఖాళీ గద్దెను చూస్తూ ఉండిపోయాను. నేను యాభై ఏళ్లకు పైగా చదువుతున్న కథలో ఒక రాజున్నాడు. ఏడు రోజుల్లో పాము కాటుకు పోతావని శాపం తగిలినవాడు. ఆ రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, చుట్టూ కాపలా పెట్టించుకుని లోపల కూర్చున్నాడని ఒకచోట చెబుతారు. పాము పండులో పురుగై వచ్చింది. వేరొకచోట, అదే రాజు అన్నీ వదిలేసి నది ఒడ్డున ఆరుబయట కూర్చుని, ఆ ఏడు రోజులూ దేవుడి కథ విన్నాడని చెబుతారు. రాజు ఒకడే, శాపం ఒకటే, గడువు ఒకటే. కూర్చున్న చోటు వేరు. ఈ తేడాను వందసార్లు మైకులో వివరించాను. తలుపులు వేసుకున్నది ఎవరో, ఆరుబయట కూర్చున్నది ఎవరో ఎదుటివాళ్లకు చెప్పడం తేలిక.

అక్కడి నుంచి ఆడవాళ్లు ఉండే భాగానికి దారి. గోడల మీద బాణం గుర్తులు. గదులు ఒకదాన్నుంచి ఒకటి, కిటికీలు ఎత్తుగా, వాటికి జాలీలు. వెలుతురు చిల్లులు చిల్లులుగా నేల మీద పడుతోంది కానీ గాలి ఆడటం లేదు. ముందు ఒక స్కూలు పిల్లల గుంపు, వెనక మరో కుటుంబం. ఆగడానికీ లేదు, తిరగడానికీ లేదు. చీరలు, నగలు, తాంబూలం పెట్టుకునే పాన్‌దాన్‌లు ఉన్న అద్దాల పెట్టెలు దాటాక ఒక చిన్న గది, దానికి టేకు తలుపు. చెయ్యి ఆనించుకుందామని తలుపు పట్టుకున్నాను. అప్పుడు చూశాను. జానెడు పొడుగు ఇత్తడి గడియ. అది లోపలి వైపు ఉంది. వెనక్కి వంగి తలుపు బయటి వైపు చూశాను. అటు నున్నగా ఉంది, గొళ్లెం గుర్తు కూడా లేదు.

"ఏం జూస్తున్నవ్?" అంది యాదమ్మ.

"గడియ లోపలే ఉంది."

"ఉంటది. ఆడోళ్ల గదికి లోపల గడియ లేకుంటే ఎట్ల?"

ఆమె మామూలుగానే అంది. ఆ గదిలో ఉన్నవాళ్లెవరో, ఆ గడియ ఎందుకు వేసుకునేవారో నాకేం తెలుసు? నేను చూసింది మాత్రం మా దిల్‌సుఖ్‌నగర్ గడపను. పక్కన ఒక బల్ల ఉంటే యాదమ్మను కూర్చోబెట్టాను.

"యాదమ్మా, ఇంటర్వ్యూ రోజున మా నాయనమ్మ నన్ను ఆపలేదు."

"ఆపలే? మరి ఎవరాపిండ్రు?"

చెప్పాను. అయిదో రోజు తెల్లవారుజామున స్నానం చేసి పిండి డబ్బాతో గడప దగ్గరికి వెళ్లేసరికి గీత లేదు. చీమలు తిన్నట్టు కాదు, గాలికి పోయినట్టు కాదు. గడప మొత్తం తడిగుడ్డ పెట్టి తుడిచి ఉంది, రాయి ఇంకా తడిగా మెరుస్తోంది. గడప అవతల నా చెప్పుల జత, మొనలు వీధి వైపు తిప్పి పెట్టి ఉన్నాయి. తలుపు పక్కన గూట్లో స్టీలు టిఫిన్ డబ్బా, గుడ్డలో మూటకట్టి. మూత తీస్తే పులిహోర. నాయనమ్మ తన చాప మీద అటు తిరిగి పడుకుని ఉంది. చదువు రాని మనిషి, తనకు చదివి వినిపించే గొంతును తానే బయటికి పంపడానికి సిద్ధపడింది. కొడుకు ప్రాణానికి మొక్కిన మొక్కు మధ్యలో ఆగిపోయినా సరే అనుకుంది. మాటతో చెబితే నేను కాదంటానని కాబోలు, చేత్తో చెప్పింది.

నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో అడుగుతారని భయం. వార్డులో పరాయి మగవాళ్ల కట్లు విప్పాలని భయం. అన్నిటికంటే పెద్ద భయం వేరే ఉంది. గడప దాటితే నేను ఎవరికీ ఏమీ కాని ఒక పిల్లను. లోపలుంటే పాతిక మంది నా నోటికేసి చూస్తారు, ముసలివాళ్లు కాళ్లు తాకుతారు. నేను కూర్చుని, పిండి తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాను. ఎప్పటికంటే లావుగా గీశాను. చెప్పులు లోపలికి తెచ్చి మూలన పెట్టాను. పులిహోరను వెండిగిన్నెలోకి మార్చి స్వామికి నైవేద్యం పెట్టేశాను. నాయనమ్మ లేచి వచ్చి గీతను చూసింది, గిన్నెను చూసింది. వెళ్లి తన చోట్లో కూర్చుంది.

ఎనిమిదింటికి యాదమ్మ వచ్చింది. ఇస్త్రీ చేసిన వాయిల్ చీర, చేతిలో ఫైలు, తలలో కనకాంబరాలు. మెట్ల మీద నిలబడి "నడువ్" అంది. నేను లోపలి నుంచి "నాయనమ్మ పంపనంటోంది" అన్నాను. నాయనమ్మ నాకు నాలుగడుగుల వెనకే ఉంది. విన్నది. యాదమ్మ నా భుజం మీదుగా ఆమె వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. నాయనమ్మ తల దించుకుంది. ఆ తల దించుకోవడమే యాదమ్మకు సాక్ష్యం అయింది.

నేను చెప్పడం ముగించేసరికి స్కూలు పిల్లలు వెళ్లిపోయారు. యాదమ్మ నా వైపు చూడటం లేదు. తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూసుకుంటోంది.

"పదకొండు దినాలు" అంది.

నాకు అర్థమైంది. నా పెళ్లయి నేను ఎల్‌బీ నగర్ వెళ్లిపోయిన కొన్నేళ్లకు నాయనమ్మ మంచం పట్టింది. డాక్టరు రోజుకో ఇంజెక్షన్ రాశాడు. దవాఖాన డ్యూటీ దిగి, ఇంటికి కూడా పోకుండా, పదకొండు రోజులు వచ్చి ఇచ్చింది యాదమ్మే. సూదిని మరగబెట్టేది, దూది తడిపేది, నొప్పి తెలియకుండా ఇచ్చేది. కానీ నాయనమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. యాదమ్మకు ఒక అలవాటు. ఎవరు కనబడినా, పాలవాడినైనా, పక్కింటి కోడలినైనా, ముందు "పానం ఎట్లున్నది?" అని అడుగుతుంది. దవాఖానలో ప్రతి మంచం దగ్గరా అదే మాట. మా నాయనమ్మను మాత్రం అడగలేదు. ఒకరోజు నాయనమ్మ పైకప్పుకేసి చూస్తూ, "యాదమ్మ అందర్నీ ఏదో అడుగుతుందంటగా" అంది. ఆమెను చూసుకోవడానికి వచ్చిన నేను స్పిరిట్ దూది పట్టుకుని పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు.

"ఆకరు దినం నా చెయ్యి వట్టుకున్నది" అంది యాదమ్మ. "గుంజుకున్న. సూదికి ఆలస్యమైతుంది అన్న. నీకోసం సుగుణా. నీ బతుకు ఖరాబు చేసిందని, నీ తరపున కోపం వట్టిన. నువ్వు పక్కన నిలవడి చూసినవ్."

"చూశాను."

"దేవుని పుస్తకం చదివే నోరే గాదె అది?"

దేవుడి పేరును అడ్డం పెట్టుకుని తప్పు చేయడం, తెలియక చేసే తప్పులన్నిటికంటే పెద్దదని మాకు చిన్నప్పుడే నేర్పారు. నేనే ఎంతోమందికి నేర్పాను. గార్డు వచ్చి "అమ్మా, ఈడ కూసోవద్దు, ముందుకు నడువుండ్రి" అన్నాడు. యాదమ్మ లేచి వచ్చిన దారినే పోబోయింది. "అటు కాదమ్మా, ఎనకకు తొవ్వ లేదు. గదులన్ని తిరిగే బయటికి పోవాలె" అన్నాడు. మిగిలిన గదులన్నీ ఇద్దరం చూడకుండానే దాటాం. పింగాణీ పళ్లాలు, కత్తులు, పాత కార్లు. ఎంత నడిచినా బయటి వెలుతురు రాలేదు. తిరుగు మెట్రోలో ఆమె నాకు ఎదురు సీటులో కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్ రాగానే దిగిపోయింది. ఎప్పుడూ "పోయొస్త" అనే మనిషి, అనలేదు.

తర్వాతి వారం మా ఫ్లాట్‌లో సప్తాహం మొదలైంది. ఇప్పటి సప్తాహాలకు వాట్సాప్ గ్రూపు ఉంది, చేతి మైకు ఉంది. కర్మన్‌ఘాట్ నుంచి, తుర్కయంజాల్ నుంచి కూడా వస్తారు. పిల్లల స్కూలు బస్సు వేళకు సగం మంది లేచిపోతారు. ఏడు రోజులూ కదలకుండా వినేవాళ్లు నలుగురో అయిదుగురో. నాటి శ్రద్ధ లేదని నేను ఉపన్యాసాల్లో నొచ్చుకునేదాన్ని. ఈసారి వాళ్లు చెప్పులేసుకుని చకచకా లిఫ్టు వైపు పోతుంటే, వాళ్ల కాళ్లకేసి చూస్తూ కూర్చున్నాను. వాళ్లకు విన్నంత మేరా కథ ఉంది, వెళ్లడానికి వీధీ ఉంది. మా చలవరాతి గడప మీద పిండి గీత మాత్రం ఇన్నేళ్లుగా నేను గీస్తూనే ఉన్నాను. వచ్చేపోయేవాళ్లు జాగ్రత్తగా దాని మీదుగా అడుగు వేస్తారు. అది నా ఒక్కదానికే. ఈసారీ గీశాను. మహల్లో అంత చెప్పి వచ్చాక కూడా, మొదటి రోజు పొద్దున నా వేళ్లు వాటంతటవే పిండిలోకి వెళ్లాయి.

అయిదో రోజు, పది దాటాక, అధ్యాయం మధ్యలో ఉండగా లిఫ్టు తలుపు చప్పుడైంది. తలెత్తితే గుమ్మంలో యాదమ్మ. అధ్యాయం మధ్యలో ఆపకూడదు కనుక చదువుతూనే ఉన్నాను. ఆమె చెప్పులు విప్పి, తలుపుచెక్క పట్టుకుని, మంచి కాలు ముందు లోపలికి వేసింది. నొప్పి కాలు ఎత్తలేదు, ఈడ్చింది. పిండి చెరిగింది.

"అయ్యో, గీతండీ!" అంది ముందు వరసలో ఒకామె.

"ఎరుకనే తల్లి. ఎరుకుండే తొక్కిన" అంది యాదమ్మ.

జనం మధ్య నుంచి దారి చేసుకుని దేవుడి గూడు పక్కన గోడకున్న నాయనమ్మ ఫొటో దగ్గరికి వెళ్లింది. చేతిసంచీలోంచి చిన్న కాగితం పొట్లం తీసి ఫొటో కింద దీపం పక్కన పెట్టింది. ముక్కుపొడుం వాసన ముందు వరస దాకా వచ్చింది. నా నోట్లో మాట ఆగిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి అధ్యాయం మధ్యలో ఆపాను. అందరూ ఆమెకేసి చూస్తున్నారు. ఆమె ఎవరినీ చూడలేదు. ఫొటో అంచును, నాడి చూసినట్టు, రెండు వేళ్లతో పట్టుకుంది.

"పానం ఎట్లున్నదమ్మా?" అంది.

జవాబుకు ఆగినట్టు కాసేపు అలాగే నిలబడింది. తర్వాత అదే దారిన వెనక్కి నడిచి, గడప దాటి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నేను కళ్లు తుడుచుకుని అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను.

ఆరో రోజు తెల్లవారుజామున స్నానం చేసి పిండి డబ్బా తెచ్చుకుని గడప ముందు కూర్చున్నాను. మిగతా గీత ఉన్నట్టే ఉంది. మధ్యలో యాదమ్మ కాలు ఈడ్చిన మేర, జానెడు వెడల్పున, చెరిగిపోయి ఉంది. వేళ్ల మధ్యకు పిండి తీసుకున్నాను. చెయ్యి గడప మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. ఈ ఆచారం పెట్టిన మనిషే నా కోసం దీన్ని తడిగుడ్డతో తుడిచింది. నేను ఆ తర్వాత ఆమె ఆచారం అనుకుని గీసిన గీతలన్నీ ఆమెకు ఎదురు గీసినవే. పిండిని డబ్బాలోకి జార్చి మూత పెట్టాను. స్వామీ, అని మాత్రం అన్నాను, ఇంకేమీ అడగలేదు.

పారాయణం తొమ్మిదికి. ఇంకా మూడు గంటలుంది. మొదటి మెట్రో కాసేపట్లో బయల్దేరుతుంది, దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషన్. యాదమ్మ తలుపు తీస్తుందో తీయదో తెలియదు. చెప్పుల గూట్లోంచి నా జత తీసి, గడప అవతల, మొనలు బయటి వైపుకు తిప్పి పెట్టాను. కాళ్లు దూర్చాను.